ఇప్పపూలు కోసిన కుందేలు

మొన్న గోదావరి ఇంట్లోకి వచ్చి పోయాక నష్టం లెక్క వేసుకున్నాను. నాలుగు కోళ్లు, రెండు బస్తాల వడ్లు, ఒక గోడ, ఒక అట్టముక్క. మొదటి మూడింటికీ ధర కట్టగలిగాను. వేసవిలో దాచి, ఇప్పుడు తడిసిన ఇప్పపూలు ఎండలో పరుస్తుంటే, ఆ పులిసిన తీపి వాసనకు అట్టముక్క రాసిచ్చిన సరోజ టీచర్ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు దుమ్ముగూడెం అవతల మా ఊరి చిన్నబడికి ఆమె ఏన్కూరు నుంచి వచ్చింది. మా ఇళ్లల్లో కోయ మాట, బడిలో తెలుగు. నాకు అర్థమయ్యేది కానీ నోరు పెగిలేది కాదు. అమ్మ బడి మాన్పించాలనుకుంది. "మాట్లాడని పిల్లకు అక్షరాలెందుకు టీచరమ్మా? నాతోని ఇప్పపూలు ఏరనీకైనా అక్కరకొస్తది." టీచర్, "ఈ పూలకాలం అయిందాక ఉంచు చెల్లె," అని బతిమాలింది.

ఆమె పలక కంటే ముందు కథ ఎత్తుకునేది. ఒక కథ వింటే మరునాడు బదులుగా మరొకటి చెప్పాలి, అవ్వనడిగి తెచ్చినా సరే. చెప్పినదాంట్లోంచి ఒకటి రెండు మాటలు అట్టముక్క మీద పెద్దగా రాసి, వేలు పెట్టించి చదివించేది. తమ మాటే కాబట్టి పిల్లలు తడబడేవారు కాదు.

ఒకరోజు, "కుందేలు చెట్టెక్కి ఇప్పపూలు కోస్తున్నదట," అని మొదలుపెట్టింది. నా నోరు ఆగలేదు.

"ఇప్పపూలు కొయ్యరు టీచర్. అవే రాలుతయి. పొద్దుగాల ఏరుతం."

"దీనికి నోరున్నదారా," అన్నాడు పక్కవాడు.

టీచర్ నవ్వింది. "మాది మిరపతోటల ఊరు, నాకేం ఎరుక? ఇంకేం తప్పు చెప్పిన?"

"కుందేలు చెట్టెక్కదు."

"గట్లనా. అయితే నా కథ చెడింది. నువ్వే చెప్పు."

సాయంత్రం అమ్మ బడికి వచ్చేసరికి నేను అట్ట మీద వేలు జరుపుతూ చదువుతున్నాను: 'ఇప్పపూలు రాలుతయి. మేము ఏరుతం.' నా మాటను టీచర్ దిద్దకుండా అలాగే రాసింది. అమ్మ అట్టను వెనక్కీ ముందుకీ తిప్పింది.

"ఈ పిల్ల అన్న మాటనేనా గిందుల ఉన్నది?"

"అవ్. నేను రాసిన, నీ బిడ్డ చదివింది."

అమ్మ అట్టను నా చేతికిచ్చింది. "పొద్దుగాల పూలేరినంక పంపుత," అంది.

అంకెలు తర్వాత బీడీల తునికాకు కట్టలు లెక్కపెట్టే కల్లంలో నాకు నేనే నేర్చుకున్నాను. చదవడం మాత్రం టీచర్ నేర్పిందే. ఆమె బదిలీ మీద వెళ్లేదాకా విన్న ప్రతి కథకూ బదులు ఒకటి చెప్పాను. ఆమె చెప్పమన్న కుందేలు కథ మాత్రం ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు మా అరుగు మీద చేరే పిల్లలకు కుందేలును చెట్టు కింద నిలబెట్టి, తర్వాతేమైందని అడుగుతాను. తలా ఒక ముగింపు చెప్తారు. అట్టముక్కల మీద రాసి చదివిస్తాను. అవి వాళ్ల ఖాతా. నా ఖాతాలో సరోజ టీచర్‌కు ఇంకా ఒక కథ బాకీ.