ఎలా ఉన్నావంటే చెప్పేసే మనిషి

మలాకీ హెషన్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. ఎలా ఉన్నావని అడిగితే చెప్పేస్తాడు.

ఆయన ఊరు కిల్‌డరీలో అది ప్రశ్న కాదు. ఎదురుపడ్డ మనిషిని చూసి చేసే ఒక శబ్దం, గొంతు సవరించుకోవడం లాంటిది. "ఎలా ఉన్నావ్?" అంటే "గ్రాండ్" అనాలి, అదీ నడక ఆపకుండా అనాలి. గ్రాండ్ అంటే ఘనంగా ఉన్నానని కాదు. గాలివానకు పశువుల కొట్టం రేకులు లేచిపోయినా గ్రాండే, పంటి నొప్పికి దవడ బూరెలా పొంగినా గ్రాండే. కాలు విరిగి అంబులెన్సు ఎక్కినవాడు "గ్రాండ్, నువ్వెలా ఉన్నావ్?" అని డ్రైవర్నే పరామర్శించిన ఊరది.

మలాకీ మాత్రం ఆగుతాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుంటాడు. "అడిగావు కాబట్టి చెప్తున్నా," అని మోకాలితో మొదలుపెట్టి, పొగగొట్టంలో గూడు కట్టిన కాకుల మీదుగా, రాత్రి రెండింటికి తెగిపోయే నిద్ర దాకా వెళ్తాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన పని, ఎద్దును తోలుకెళ్లకుండా సంచిలో సరంజామాతో ఇంటింటికీ వెళ్లి ఆవులను చూడి కట్టించడం. రిటైరయ్యాక ఆవులు తప్పించుకున్నాయి, మనుషులు దొరికిపోయారు.

ఊరు తన జాగ్రత్తలో తానుండేది. పోస్టు పంచే ఆవిడ కుండపోత వానలోనూ "ఎంత మంచి రోజు, మలాకీ!" అనేసి సైకిలు తొక్కేది. చర్చి ఫాదర్ రోడ్డుకి అవతలి పక్కనుంచే దీవించి సాగిపోయేవాడు. ఊరి సంగతి తెలియని ఒక జర్మన్ కుర్రాడు పాపం మర్యాదకి అడిగాడు. దీవికి వెళ్లే పడవ తప్పిపోయి, ఆ రాత్రి మలాకీ వండిన బంగాళాదుంపలు తిని అక్కడే పడుకున్నాడు. ఇప్పటికీ క్రిస్మస్‌కి కార్డు రాస్తాడు. అందులో తన మోకాలి సంగతులు ఉంటాయి.

ఈ ఊరికి గాల్వే యూనివర్సిటీనుంచి డెర్వ్లా వచ్చింది. ఒంటరిగా సేద్యం చేసుకునే రైతుల మనసు ఎలా ఉంటుందో పరిశోధించడం ఆమె పని. పరిశోధన ఎలా చేయాలో ఊరివాళ్లే దారి చూపాలని ఒక సలహా సంఘం పెట్టింది. చర్చి నోటీసు బోర్డులో కాగితం అంటిస్తే ఇద్దరొచ్చారు. ఒకరు పశువుల సంత దగ్గర క్యాంటీన్ నడిపే డింప్నా. రెండోవారు ఎవరో చెప్పక్కర్లేదు.

మొదటి సమావేశంలో డెర్వ్లా నవ్వుతూ, "నమస్తే మలాకీ గారూ, ఎలా ఉన్నారు?" అంది.

డింప్నా తల బల్లకేసి కొట్టుకుంది. "అయ్యో పిల్లా, అడిగేశావా!"

"అడిగావు కాబట్టి చెప్తున్నా," అంటూ మలాకీ టోపీ తీశాడు. ఆ రోజు అజెండాలో మొదటి అంశం మొదలుకాకుండానే హాలు తాళం వేసే మనిషి వచ్చేశాడు.

ఇంటర్వ్యూలు మొదలయ్యాక డెర్వ్లాకి అసలు కష్టం తెలిసింది. ఏ రైతును కదిపినా గ్రాండ్. నిద్ర పడుతోందా? గ్రాండ్. ఎవరితోనైనా మాట్లాడుతుంటారా? కుక్క ఉందిగా, గ్రాండ్. కోల్మన్ అనే ఆయన ఇంట్లో నెలరోజులుగా కిటికీ తెరలు తీసినట్టు లేదు, గిన్నెలు గుట్టపడి ఉన్నాయి, ఆయనా గ్రాండే.

ఆమె పరిశోధనను నడిపించే ప్రొఫెసర్ లాఫన్ ఫోనులో తేల్చేశారు. "యూరప్‌లోకెల్లా సుఖంగా ఉన్న రైతులు నీకే దొరికారమ్మా. బాధే లేదని మన పరిశోధన చెప్తే, ఆ ఊళ్లో మందుల షాపు మేడమీద అనుకున్న కౌన్సెలర్‌ని ప్రభుత్వం ఎందుకు కూర్చోబెడుతుంది? ఈస్టర్‌లోగా ఏమైనా తేలకపోతే ఇక్కడితో ఆపేద్దాం."

డెర్వ్లా ఆ మాట సంఘం ముందు పెట్టింది. చెప్తూ చెప్తూ, క్రెష్‌లో వదిలొచ్చిన తన పసివాణ్ని అక్కడి కెమెరా ద్వారా ఫోనులో మరోసారి చూసుకుంది.

"ప్రశ్నలోనే ఉంది తప్పు," అన్నాడు మలాకీ. "ఎలా ఉన్నావని నువ్వు అడిగితే వాళ్లు పలకరింపనుకుంటున్నారు. ముందు నీ గోడు నువ్వు చెప్పు."

"అలా చేస్తే జవాబు వంకరపోతుందండీ. అవతలివాళ్లు మన మాటకి తగ్గట్టు చెప్తారు. సైన్సు ఒప్పుకోదు."

"ఇప్పుడు తిన్నగా వస్తోందా?"

డెర్వ్లా గ్రాండ్‌లతో నిండిన కాగితాలు తిరగేసింది.

"పోనీ నన్ను తీసుకెళ్లు," అన్నాడు మలాకీ.

"నిన్ను తీసుకెళ్తే ఉన్న రైతులు కూడా ఆస్ట్రేలియా పారిపోతారయ్యా," అంది డింప్నా.

అయినా డెర్వ్లా ఆయన్ని కోల్మన్ ఇంటికి తీసుకెళ్లింది. గేటు దగ్గర మలాకీని చూడగానే కోల్మన్ కంగారుగా, "మంచి రోజురా మలాకీ!" అన్నాడు. ముగ్గురి నెత్తినా వాన కురుస్తోంది. వంటింట్లో కూర్చున్నాక డెర్వ్లా ఊపిరి బిగబట్టి, కోరి కోరి అడిగింది. "మలాకీ గారూ, మీరెలా ఉన్నారు?"

కోల్మన్ ఆమెవైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

మోకాలు అయింది. కాకులు అయ్యాయి. నిద్ర దగ్గరికి రాగానే కోల్మన్ కుర్చీలో కదిలాడు.

"రెండింటికా? రెండింటిదాకా పడుకుంటున్నావా నువ్వు? దానికి ఏడుస్తున్నావా? నాకసలు పడితే కదా, తెగడానికి!"

"నీ పొగగొట్టంలో కాకుల్లేవుగా," అన్నాడు మలాకీ.

"కాకులుంటే బాగుండేది! ఏదో ఒక ప్రాణి చప్పుడైనా వినపడేది!" కోల్మన్ బల్ల గుద్దాడు. "మా అమ్మ పోయినప్పట్నుంచి ఈ ఇంట్లో నా దగ్గు నాకే వినిపిస్తోందిరా. పొద్దున లేచి బూటు చేతిలో పట్టుకుని, ఎందుకు తొడుక్కోవాలో తెలియక మధ్యాహ్నందాకా కూర్చుంటున్నా. నీ మోకాలట, మోకాలు!"

డెర్వ్లా పెన్ను ముట్టుకోలేదు. ఆయన చెప్పుకుంటూ పోయాడు. చివర్లో లేచి, నెలరోజుల తర్వాత ఒక తెర పక్కకి లాగి, "మందుల షాపు మేడమీదికి ఎవరో వస్తారన్నావు, ఎప్పుడొస్తారు?" అన్నాడు.

బయటికొచ్చాక గేటు తీసే ఓపిక లేనట్టు మలాకీ దాని మీదుగా కుర్రాడిలా అవతలికి దూకాడు.

"మీ మోకాలు?" అంది డెర్వ్లా.

"ఏ మోకాలు?"

ఆమె వంగి ఆయన మోకాలికేసి చూసింది.

"మా ఊళ్లో ముందు బాధ చెప్పుకున్నవాడు ఓడిపోయినట్టు లెక్క, తల్లీ. అందుకే ముందు నేను ఓడిపోతా. అవతలివాడు ఊరుకోడు, నన్ను మించాలని చూస్తాడు. మా ఆవిడ నూలా చనిపోయిన ఏడు నేనూ ఊరందరికీ గ్రాండే. డింప్నా నాకు సూపు పోస్తూ కాళ్లలో నరాలు ఉబ్బాయని ఒకటే గోల. ఒళ్లు మండి, 'నీ నరాలేమిటే, నా పెళ్లాం పోయింది!' అని అరిచా. సాయంత్రందాకా ఏడ్చా. ఆ ఆదివారం డాన్సులో చూశా దాన్ని. నరాలూ లేవు, గిరాలూ లేవు. బొంగరంలా తిరుగుతోంది."

కారెక్కి ఇంజను స్టార్ట్ చేయగానే డెర్వ్లా ప్రొఫెసర్‌కి ఫోను కలిపి స్పీకరులో పెట్టింది.

"ఎలా ఉన్నావమ్మా?"

"బాగాలేను సర్." పద్ధతి చూపిద్దామని మొదలుపెట్టింది, కానీ ఆగడం ఆమె చేతిలో లేకపోయింది. "పిల్లాడు పడుకున్నా నేను పడుకోలేకపోతున్నాను. ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వాడు ఉలిక్కిపడి లేస్తాడు. లేపింది నేనేనని ఇంకెవరికీ చెప్పలేదు."

అటువైపు కుర్చీ కిర్రుమని, తలుపు మూసిన చప్పుడైంది.

"ముక్కు దగ్గర వేలేనా?" అన్నారు ప్రొఫెసర్ గొంతు తగ్గించి. "మా అమ్మాయికి ఇరవై రెండేళ్లు. హాస్టల్‌కి అర్ధరాత్రి ఫోను చేసి, దగ్గు వినపడితే పెట్టేస్తాను. డెర్వ్లా, పద్ధతి మార్చుకో, ఎథిక్స్ కమిటీతో నేను మాట్లాడతాను. కానీ విను, దగ్గు వినపడకపోతే నేనేం చేస్తానో తెలుసా?"

మలాకీ మెల్లగా చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు.

కారు కదలకపోవడం చూసి కోల్మన్ టీ కప్పులతో వచ్చి అద్దం తట్టాడు. "ఏరా, కారు చెడిందా?"

"లేదురా," మలాకీ గుసగుసలాడాడు. "లోపల ఫోనులో ప్రొఫెసర్ బాగుపడుతున్నాడు. టీలో పంచదార వేశావా?"