నీలం వేలిముద్ర

మొన్న బడినుంచి వచ్చిన మా మనవరాలు గుమ్మంలోనే ఆగి, ఎవరూ అడగకుండానే పుస్తకాల సంచి బోర్లించి దులిపి, రెండు అరచేతులూ చాచి వాళ్ళమ్మకు చూపించింది. అంతకుముందు రోజు పక్కపిల్ల కథల పుస్తకమొకటి దాని సంచిలో దొరికిందట, టీచరు నలుగురిలో నిలబెట్టి అడిగిందట. మా కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా ఆవిడేమో, మా ఇంటా వంటా లేని బుద్ధి, ఎవరి పోలికొచ్చిందో అంటూ కోడలి వైపు ఓరగా చూసింది. నాకు మాత్రం ఆ చాచిన చేతులు చూడగానే గాజువాక ఎండలోనూ ఒళ్ళు జలదరించింది. చేతులు అలా చూపించడం నేను యాభై ఏళ్ళ కిందట చూశాను, ఈ పిల్ల ఎన్నడూ చూడని మనిషి దగ్గర.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వన్‌టౌన్‌లో హార్బరుకు దగ్గరగా, ఓడలవాళ్ళు వదిలిపోయిన ఇంగ్లీషు పుస్తకాలతో నిండిన పాత పఠనాలయం ఒకటి ఉండేది. డిగ్రీ ముగించిన ఏడాది అందులో టెంపరరీ గుమాస్తాగా చేరాను. మధ్యాహ్నాలు పాఠకులెవరూ వచ్చేవారు కాదు. సముద్రపు తేమకు అట్టలు ఉబ్బి, బీరువాలు వాటంతటవే కిర్రుమనేవి. లోపలి గదిలో ఎవరో కూర్చుని పేజీలు తిప్పుతున్నట్టుండేది, వెళ్ళి చూస్తే గాలి. నాకు తోడల్లా బైండింగు చేసే పెద్దాయన ఒక్కడే, భీమిలి వైపు మనిషి. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవాడు, అందుచేత ఆయన బొటనవేళ్ళు ఎప్పుడూ నీలంగా ఉండేవి.

సాయంత్రం వెళ్ళేముందు ఆయన గ్రంథపాలకుడి బల్ల ముందు నిలబడి, సంచి దులిపి, రెండు చేతులూ చాచి చూపించి మరీ వెళ్ళేవాడు. ఎవరూ అడిగింది లేదు. తెల్లదొరలు కొన్ని కులాలను మొత్తంగా పుట్టుదొంగలని చట్టంలో రాసి, ఠాణాలో హాజరు వేయించుకున్న రోజుల్లో తండ్రి వెంట వెళ్ళి నేర్చుకున్న అలవాటట. చట్టం రద్దయి ఏళ్ళయినా ఆ సంగతి ఆయన చేతులకు తెలియలేదు. అదే గుమ్మంలోంచి నేనూ రోజూ సంచితో వెళ్ళేవాణ్ణి, నా సంచి ఎవరూ చూడలేదు.

ఆ వానాకాలం ఆయన కొత్తగా అట్ట వేసిన నవల ఒకటి నా చేతికొచ్చింది. విక్టోరియా రాణి నాటిది, రాసినవాడి పేరు వాళ్ళ దేశంలోనే ఎవరికీ గుర్తుండి ఉండదు. ఉరికంబమెక్కిన తాత చేతులే అందులో మనవడికి వస్తాయి. వాడు పాపం నెమ్మదస్తుడే, కానీ చేతులు వాడి మాట వినవు, వాడు ప్రార్థన చేసుకుంటుండగానే పక్కవాడి జేబులో దూరతాయి. రక్తం అబద్ధమాడదంటూ ప్రతి అధ్యాయంలోనూ ఒక డాక్టరు తల ఊపుతుంటాడు. నవ్వి పక్కన పడేయవలసిన పుస్తకమే, కానీ ఆ నిశ్శబ్దంలో, ఓడ కూత వినబడుతుండగా చదివితే నవ్వు రాలేదు. సగం నమ్మాను కూడా. నమ్మి, చదువుతూ చదువుతూ ఓరకంట ఎవరి చేతులు చూశానో వేరే చెప్పాలా?

ఆ పుస్తకం బయటికి ఇవ్వకూడనిది. ఇంకా రెండు అధ్యాయాలుండగా తాళం వేసే వేళయింది. నా చేయి దాన్ని నా సంచిలో వేయడం నేను చూశాను. చూశాననే అంటున్నాను, వేశానని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. మర్నాడు తెచ్చి పెట్టేద్దామనుకుంటే, నేను వెళ్ళేసరికే తనిఖీ మొదలైంది. పుస్తకం లేని చోట అరమీద నీలం వేలిముద్ర కనబడింది. గ్రంథపాలకుడికి ఇంకేం కావాలి? నిజానికి ప్రతి అరమీదా అలాంటి ముద్రలున్నాయి, అక్కడి పుస్తకాలన్నీ ఆయన అతికినవే కదా. అది నాకు తెలుసు. నన్ను పర్మనెంటు చేసే కాగితం అదే వారం సంతకానికి వెళ్ళిందనీ తెలుసు.

ఆయన తగువుపడలేదు. నా వైపు తిరిగి, "నాను తియ్యనేదు బాబూ. ఏలు నీలమైతే దొంగనైపోతానేటి? నువ్వైనా సెప్పు" అన్నాడు. నేను తల వంచుకుని రిజిస్టరులోకి చూశాను. సిగ్గుచేటు, ఇంకో మాట లేదు. ఆయన సంచి దులిపి, చేతులు చాచి చూపించి, మెట్లు దిగిపోయాడు, మళ్ళీ రాలేదు. యారాడలో వలలు బాగుచేసుకుని బతుకుతున్నాడని తరవాత ఎవరో చెప్పారు. ఒకసారి బయలుదేరి, కొండ మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను.

ఇప్పుడా పఠనాలయం లేదు. ఓడలవాళ్ళు పుస్తకాలు తేరు, అట్టలు వేసేవాళ్ళు లేరు, అలాంటి నవలలు చదివేవాళ్ళు అసలే లేరు. అన్నీ పోయాయిగానీ, ఎవరి పోలికొచ్చిందో అన్న మాట మాత్రం మా వంటింట్లో చెక్కుచెదరకుండా ఉంది. ఆ నవలా ఉంది, నా ఇనప్పెట్టెలో. మొన్న తీసి చూస్తే లోపలి అట్టమీద నీలం ముద్ర ఇంకా వెలిసిపోలేదు. చివరి రెండు అధ్యాయాలు ఈనాటికీ చదవలేదు, ఆ మనవడు ఏమయ్యాడో నాకు తెలియదు.

నిన్న కాఫీల దగ్గర మా ఆవిడ మళ్ళీ ఆ మాటే ఎత్తితే, నా పోలికేనే అన్నాను. పిల్లను వెనకేసుకొస్తున్నానని అందరూ నవ్వారు. మనవరాలు మాత్రం నవ్వలేదు. మెల్లగా దగ్గరికొచ్చి, నా రెండు అరచేతులూ తిప్పి చూసింది.