హైదర్ కోసిన అంచు

కోరుట్లలో హైదర్ కుట్టిన పుస్తకం చిరిగితే చిరగాలి గానీ ఊడదు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పేరు. బడి రిజిస్టర్లు, ఖురాన్లు, పాత నిఘంటువులు పట్టుకుని జగిత్యాల నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. ఎవరైనా పొగిడితే వద్దనే రకం కాదాయన, ఇంకో రెండు ముక్కలు తానే కలిపి చెబుతాడు.

మొన్న వానాకాలం సిరిసిల్ల నుంచి రాధిక అనే అమ్మాయి బస్సెక్కి వచ్చింది. మరమగ్గాల ఇంటి పిల్ల. చేతిలో వీపు ఊడిన లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం. హైదర్ తెరిచి చూశాడు. కొమ్ముల భూతాలు, పాచికల బొమ్మలు, పేజీల కొద్దీ అంకెలు.

“ఏంది బిడ్డ గిది, జూదమా?”

“జూదం గాదు చాచా. బల్ల సుట్టు కూసోని ఆడే కథ. ఒకరు కథ నడిపిస్తరు. మిగిలినోళ్లు ఒకడు దొంగ, ఒకామె వైద్యురాలు, గట్ల ఏషం కట్టినట్టు మాట్లాడుతరు. తాళం ఇరుగుతదా లేదా అనేది పాచిక చెప్తది. రూల్సన్నీ గీ పుస్తకంలనే ఉంటయి.”

అంచుల నిండా నీలి సిరాతో తెలుగు మాటలున్నాయి. హిట్ పాయింట్స్ పక్కన ‘పానం’. సేవింగ్ త్రో పక్కన ‘గండం తప్పుడు’. నెలల తరబడి సాగే క్యాంపెయిన్‌కు మగ్గం మీది నిలువు దారం ‘పడుగు’, ఒక్కనాటి ఆటకు అడ్డదారం ‘పేక’. మగ్గాల దగ్గరి దోస్తులకు ఇంగ్లిష్ రాదని రాధిక వాళ్ల అన్న శ్రీశైలం రాసిన మాటలట. హైదర్‌కు ముచ్చటేసింది.

“ఒక్క పేజీ పోవద్దు చాచా.”

“నా చేతిల ఇప్పటిదాక ఒక్క పేజీ పోలే.”

పేజీ పోలేదు, నిజమే. కుట్టాక మూడు వైపులా అంచు కోసి సాపు చేయడం ఆయన పద్ధతి. కోయకుండా ఇస్తే తల దువ్వని పిల్లను బడికి పంపినట్టు ఉంటుందంటాడు. ఆ రోజు కూడా పక్క కొట్టు ప్రభుదాస్‌తో ఎన్నికల కబుర్లు చెబుతూనే కోత మిషన్ పిడి దించాడు. అంచులు బాగా నలిగాయని కాస్త ఎక్కువే దించాడు మహానుభావుడు.

మర్నాడు రాధిక వచ్చి పుస్తకం తెరిచింది. ఒక పేజీ, ఇంకో పేజీ. తర్వాత చివరి నుంచి తిప్పింది. ఏమైందా అని హైదర్ వంగి చూశాడు. అంచు తీరుగా, తెల్లగా ఉంది. ‘పానం’లో ‘పా’ మాత్రం మిగిలింది. చాలా పేజీల్లో అదీ లేదు.

కోసిన ముక్కల సంచి కోసం లోపలికి పరుగెత్తాడు. అది పొద్దున్నే చిత్తుకాగితాల ఆటో ఎక్కిపోయింది. ఈ చేతులు పడిపోయినా బాగుండేదని తిట్టుకున్నాడు.

“ఆ మాటలు యాదికున్నయా బిడ్డ?”

“అన్నీ నోటికే వస్తయి.”

హమ్మయ్య అనుకున్నాడు. కొత్త నోట్‌బుక్ తీసి, ఆమె చెబుతుంటే ఒక్కో మాటా రాశాడు. ఆయనది గుండ్రటి, ముచ్చటైన రాత. నాలుగు పేజీలు నిండాయి. గట్టెక్కానని ఊపిరి పీల్చుకుని నోట్‌బుక్ ఆమె చేతిలో పెట్టాడు.

“ఒక్కపారి మీ అన్నకు సూపెట్టు. తప్పులుంటే దిద్దుతడు.”

“అన్న లేడు చాచా. ఎండకాలంల పోయిండు,” అంది రాధిక. “మాటలు నాకు యాదికే ఉన్నయి. ఆయన రాత పోవద్దనే నీ దగ్గరికి తెచ్చిన.”

హైదర్ పెన్నును మూత పెట్టకుండానే జేబులో దోపుకున్నాడు. ఆమె రెండు పుస్తకాలూ సంచిలో పెట్టుకుని, పోయొస్త చాచా అని చెప్పి మరీ వెళ్లింది. తిట్టి వెళ్లినా బాగుండేదని ఈనాటికీ అంటాడు.

హైదర్ పుస్తకాల అంచులు ఎగుడుదిగుడుగా ఉంటున్నాయని ఇప్పుడు కోరుట్లలో గొణుగుతున్నారు. ఆయన వాదించడు. ఎవరు ఏ పుస్తకం తెచ్చినా పేజీ పేజీ తిప్పి, అంచులో పెన్సిల్ గీత కనబడినా ఆగి అడుగుతాడు.

“గీ రాత ఎవరిది?”