ఎర్రకొండ బండిలో ఉండిపోయిన మామ

ఎదురింటి మామ పోయిన సంగతి అత్త ఫోనులో చెప్పింది. "కాఫీ ఇచ్చేకి పోతే పలకలేదప్పా," అంది, అంతే. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయన అడిగిన పని ఒకటి చేయకుండా దాటేస్తూ వచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి.

మామ యశ్వంతనగర్ దగ్గర ఇనుప గనిలో మేస్త్రీ. కొండరాయి పగలగొట్టే తూటాలు పేల్చే ముందు కూలీలందర్నీ దూరంగా రప్పించి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు. ఎవరి పేరుకు వాళ్ళే పలకాలి. పక్కవాడు పలికాడా, మళ్ళీ మొదటి నుంచి పిలుపు. చివర తన పేరు తానే పిలుచుకుని, తానే "వచ్చినా" అనేవాడు. కూలీలు నవ్వేవాళ్ళట. ఆయన నవ్వకుండా అప్పుడు సైరన్ మోగించమనేవాడు. పెళ్ళికి జీపెక్కినా ఇదే తంతు. ఒకసారి తమాషాకి అత్త పేరుకు నేను పలికితే, బండ్రి ఊరు దాటాక తెలుసుకుని జీపు ఆపించి, ఎర్రటి ఎండలో అందర్నీ దింపి మళ్ళీ ఎక్కించాడు.

నేను రాసే పిల్లల కథలకు మొదటి శ్రోత ఆయనే. ఏ కథ వినిపించినా, "ముగిసేటప్పటికి అందర్నీ బయటికి తెచ్చినావా?" అని అడిగేవాడు. నాకు కథ కట్టడం వచ్చిందంటే ఆ ఒక్క ప్రశ్న వల్లే. ఆయన్నే మేస్త్రీ తాతగా పెట్టి ఎర్రకొండ కథలు రాశాను. అవి పుస్తకాలయ్యాయి, కన్నడంలో కార్టూన్లయ్యాయి. చివరికి హొసపేట దారిలో ఒక ఆటల పార్కువాళ్ళు వాటితో రైలుబండి ఆట పెట్టారు.

నా పుస్తకంలో తాత అందరి తర్వాత తానూ బయటికొస్తాడు. పార్కు బండి ఆటలో మాత్రం రాడు. సొరంగంలో ఆఖరి మలుపు దగ్గర ఎర్రజెండా పట్టుకున్న తాత బొమ్మ పేర్లు పిలుస్తుంది. తన పేరు దాకా రాకముందే పేలుడు, చీకటి, మనం బయట. ఉన్న కాస్త సమయంలో అంతకంటే పట్టదన్నారు.

మామను సరదాగా తీసుకెళ్ళి ఎక్కించాను. దిగాక ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేను యాడ బయటికొచ్చినానప్పా?"

"అది ఆట మామా. నేను రాసిందే అసలు కథ. బండి లెక్కలోకి రాదు."

"ఎవురి లెక్కలో? నీ బుక్కు చదివినోళ్ళు ఎంతమంది, ఈ బండెక్కినోళ్ళు ఎంతమంది? ఈళ్ళందరికీ నేను లోపలే ఉండాను."

కథ పుట్టించినవాడి మాటే చెల్లుతుందని ఒక ఉపన్యాసం దంచాను. రచయితను కదా, పొగరు.

"సుమ్నే ఉండప్పా," అని నా నోరు మూయించాడు. "పేరు పిలవకుండా పేల్చకూడదు. ఆటైనా సరే."

ఆ తర్వాత వీధి పిల్లలు ఆయన్ని ఆపి, "నువ్వు లోపలే సచ్చిపోయినావు కదా తాతా?" అని అడగసాగారు. ఎగతాళి కాదు, కళ్ళారా చూసింది చెప్పారు. గని దుమ్ముకు పట్టుకున్న మామ దగ్గు పెరిగింది. మంచం వాకిలి పక్కకు లాక్కున్నాడు. తలుపు మూస్తే కేకలేసేవాడు. "పార్కోళ్ళకి రాసి నన్ను బయటికి తీయించప్పా," అని మొదట నెలకోసారి, తర్వాత రోజూ అడిగాడు. "రాస్తాలే మామా," అనేవాణ్ణి. పది నిమిషాల పని. లెక్కలోకి రానిదానికి ఉత్తరమేంటని నా బింకం.

కర్మలన్నీ అయ్యాక రాశాను. పార్కువాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. బొమ్మ నడిచి బయటికొచ్చేట్టు మారుస్తామన్నారు. ఆ కబురు చెబుదామని వెళితే అత్త ఇంటికి తాళం. పార్కుకు పోయిందన్నారు. వెంటనే నేనూ అక్కడికి బయల్దేరాను.

బండి దగ్గరి మనిషి నన్ను చూసి ఎదురొచ్చాడు. "ఆ యమ్మ పొద్దున్నుంచి ఎక్కుతానే ఉండాది సార్. ఆఖరి మలుపులో, పడకుండా ఒడిమీద పెట్టే కమ్మీ ఎత్తి దిగాలని చూస్తాండాది. ఇంటికి తోడుకొని పోండి."

అత్త దిగగానే పార్కువాళ్ళు ఒప్పుకున్న సంగతి చెప్పాను.

"మార్చొద్దప్పా," అంది. "ఇంట్లో లేడు, గనిలో లేడు. ఈడొక్కచోటే ఉండాడు."

అది ఆటే కదా అత్తా అనబోయాను. ఈలోగా ఆమె పోయి మళ్ళీ ముందు వరుసలో కూర్చుంది. ఆపమని నేను అరిచేలోపే బండి కదిలింది.

అది బయటికొచ్చినప్పుడు అందరూ వెలుతురుకు కళ్ళు చికిలించి నవ్వుతున్నారు. అత్త ఒక్కతే వెనక్కి తిరిగి సొరంగం వైపు చూస్తూ, ఒడిలోని ఇనుప కమ్మీని రెండు చేతులా పైకి నెడుతోంది.