తట్టెడు నిప్పులు

నా రెండో కూతురు పుట్టిన వారానికి మా బర్రె ఈనింది. బిడ్డా దూడా రెండూ ఆడవే. దవాఖానలో మా అత్త "మల్లా ఆడిదేనా?" అని అడిగి, చాయ్ తాగొస్తానని వెళ్లి బస్సెక్కేసింది. కొట్టంలో మాత్రం "ఆడిదే! పెయ్య!" అని వాడకట్టంతా వినబడేలా అరిచింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ మింగేశాను.

నా బిడ్డ తూకం తక్కువ. చలి తగిలితే దక్కదని నర్సమ్మ నా మొహం మీదే చెప్పి పంపింది. నేను గద్వాల ఎండల్లో పెరిగినదాన్ని. అమ్రాబాద్ దగ్గరి ఈ ఊళ్లో వాతావరణానికి బుద్ధి లేదు. పొద్దున దుప్పటి తన్నేసేంత ఎండ, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం వాన, దాని వెనకే అడవి వైపు నుంచి ఎముకలు కొరికే గాలి. అందుకే మట్టి పొయ్యి రాజేసి, ఆ నిప్పులు ఇనుప తట్టలోకి ఎత్తి నా మంచం పక్కన పెట్టుకునేదాన్ని. గ్యాసు ఉంది, కానీ దాని మీద చాయ్ కాగుతుంది గానీ ఇల్లు వెచ్చబడదు.

ఆ రోజు ఎండను నమ్మి అత్త కట్టెలన్నీ వాకిట్లో ఆరేసింది. వాన దంచేసరికి అన్నీ తడిసి ముద్దయ్యాయి. పొయ్యిలో పెడితే పొగే తప్ప మంట లేదు. కరెంటు కూడా పోయింది. ఇల్లు మొత్తానికి మిగిలినవి నా తట్టలోని నిప్పులే.

అత్త వచ్చి, గుడ్డపీలికతో తట్ట అంచు పట్టి లాగింది.

"అత్తా, పిల్ల సల్లబడ్తుంది. జర ఉండనియ్యి."

"నీ సంకల ఉన్నది గదా, ఏం సల్లబడ్తది? కొట్టంల పెయ్య గజగజ వణుకుతుంది. అది సస్తే మీ అవ్వగారోళ్లు ఇంకోటి కొనిస్తరా?"

మా ఆయన వైపు చూశాను. మంచి మనిషి. సెల్లు లైటు వేసి, తట్ట మోసుకెళ్లే తల్లికి కొట్టం దాకా దారి చూపించాడు.

బిడ్డ పాదాలు తాకి చూస్తే నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. ఆ ఇంట్లో అందరి నోట్లో మన్ను పడాలనిపించింది. నడుము పట్టుకుని, బిడ్డను రొమ్ముకు అదుముకుని కొట్టంలోకి నడిచాను. పెయ్యకూ తట్టకూ మధ్య గడ్డి మీద కూలబడ్డాను. పేడ వాసన ముక్కు బద్దలు కొడుతోంది. కాసేపటికి బిడ్డ కాళ్లు కదిలించి, పాలకు నోరు తెరిచింది. అప్పుడు ఏడ్చాను.

అత్త గొంగడి పట్టుకుని మా వైపే వచ్చింది. ఎంతైనా బిడ్డల్ని కన్న మనిషే కదా అని, సిగ్గులేకుండా చెయ్యి కూడా చాపాను. ఆమె నన్ను దాటి వంగి పెయ్యకు కప్పింది. అంచులు పొట్ట కిందికి ముద్దుగా దోపింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"జర అటు జరుగు. నీ పిల్ల ఏడిస్తే పెయ్య బెదురుతది."

జరిగాను. నిప్పుల వైపే జరిగాను.