వరదమ్మ సగంలో ఆపే సినిమా

వరదమ్మ అంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. పుత్తూరులో సుందరరాజు కట్టు కట్టే చోట ఆమె పిల్లల్ని పట్టుకుంటుంది. విరిగిన చెయ్యినో కాలినో ఆయన లాగి సరిచేసేటప్పుడు వాళ్లు కదలకుండా చూడాలి, అంతే ఆమె పని. ఆ మాత్రం దానికి ఆమె నోరు చూడాలి, ఊరంతా ఆమె చెప్పుచేతల్లో ఉన్నట్టు మాట్లాడుతుంది.

మా రూపశ్రీకి ఎనిమిదేళ్లు. బడి పిట్టగోడ మీది నుంచి దూకి ముంజేయి విరగ్గొట్టుకుంది. చిత్తూరులో ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరిగి పక్కకు జరిగిందన్నారు. ఆపరేషన్ అన్న మాట వినపడగానే నా భార్య రాజశ్రీ "పుత్తూరుకు పోదాం పదండి" అని చెప్పులేసుకుంది. పోయాం.

చిన్న గది. గోడకు పాత టీవీ, దానికో పెన్‌డ్రైవ్. అందులో నలుపు తెలుపు సినిమా ఆడుతోంది. పిల్లల సినిమానే, కానీ మా నాయన చిన్నప్పటిది. ఒక ఆడపిల్ల, ఆ పిల్ల పెంచుకునే గాడిదపిల్ల. సంతలో గాడిదపిల్ల తప్పిపోతుంది. ఆ పిల్ల వెతుకుతుంది. వెతుకుతూనే ఉంటుంది. నాకు పూతలపట్టు కూడలిలో సెల్‌ఫోన్ల అంగడి ఉంది. ఈ కాలం పిల్లలు ఒక వీడియో దగ్గర ఎంతసేపు ఆగుతారో నన్నడగండి, చెబుతాను. ఈ చాదస్తం ఎవరికి కావాలి? నా ఫోన్ తీసి, రూపశ్రీకి ఇష్టమైన వీడియోలు పెట్టి దాని ముఖం ముందు పట్టుకున్నాను.

"ఏమప్పా, అది తీసి జోబీలో పెట్టుకో," అంది వరదమ్మ.

"నా కూతురికి ఏం చూపించాలో నాకు తెలుసులేమ్మా."

"అంత తెలిసినోడివి ఈడికెందుకొచ్చినావు? నీ అంగట్లోనే కట్టు కట్టుకోని ఉండకూడదా?"

గదిలో కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ మాత్రం తియ్యలేదు. సుందరరాజు వచ్చి చెయ్యి అలా పట్టుకున్నాడో లేదో, రూపశ్రీ కెవ్వున అరిచి వెనక్కి గుంజుకుంది. ఫోన్‌లో ఒకదాని వెంట ఒకటి వీడియోలు పోతూనే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ దాన్ని పట్టి ఆపలేకపోయింది. వరదమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తనే నా జేబులో దోపింది. ఒళ్లు మండిపోయింది నాకు.

తర్వాత టీవీకి వీపు పెట్టి కూర్చుంది. రూపశ్రీ భుజాల చుట్టూ చెయ్యి వేసి దాని ముఖంలోకే చూస్తూ ఉంది. సినిమాలో ఆ పిల్ల సంతంతా తిరుగుతోంది. కుండల బండి కింద నుంచి గాడిదపిల్ల చెవి ఒకటి బయటికొచ్చింది. ఆ పిల్లకు కనపడలేదు, చూసేవాళ్లకే కనపడుతుంది. రూపశ్రీ ముందుకు వంగి "ఆడుండాది! బండి కింద!" అని అరిచింది. వరదమ్మ సుందరరాజుకు సైగగా "సామీ" అంది. సుందరరాజు లాగేశాడు. రూపశ్రీ అబ్బా అని ఒక్క కేక పెట్టి మళ్లీ టీవీ వైపే తిరిగింది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన పూసిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి ఆయన కట్టు కట్టాడు. సినిమాలో ఆ పిల్ల బండిని దాటి వెళ్లిపోతోంది. సరిగ్గా అప్పుడు వరదమ్మ టీవీ ఆపేసింది.

"అవ్వా, దొరికిందా లేదా?" రూపశ్రీ ఏడుపు ముఖం పెట్టింది.

"ఎనిమిది దినాలకు రెండో కట్టు. ఆ పొద్దు సూద్దువు. మీ నాయన్ని తోడుకోని రా."

దీన్ని ఏమంటారు? పిల్లని అడ్డం పెట్టుకుని పెద్దవాళ్లని ఆడించడం అంటారు. బయట వరండాలో ఆ మాటే గట్టిగా అన్నాను. ఐరాల నుంచి మనవడిని తీసుకొచ్చిన వెంకటముని అనే రైతు విని నా పక్కకు జరిగాడు.

"నొప్పి తగ్గితే మనం పెద్దోళ్లం మళ్లా రాము కదప్పా. పిలకాయలే మనల్ని ఈడ్చుకోనొస్తారు. మావోడిది ఇది మూడో కట్టు. రాకుంటే కూడు తిననని కూర్చున్నాడు, సినిమా కోసరం."

ఆమె సంగతంతా ఆయనే చెప్పాడు. వరదమ్మది నగరి. మరమగ్గాల ఇల్లు. కొడుకు చిన్నప్పుడు చెయ్యి విరిగితే ఇక్కడికే తెచ్చి మొదటి కట్టు కట్టించింది. నొప్పి తగ్గింది కదా, మగ్గం ఆపడమెందుకని రెండో కట్టుకు తీసుకురాలేదు. ఆ చెయ్యి వంకరగా అతుక్కుపోయింది. పెళ్లై పిల్లలున్న ఆ కొడుకు ఈనాటికీ ఆ చేత్తో తల దువ్వుకోలేడట. మగ్గం అమ్మేసి ఆమె ఇక్కడ పనికి చేరింది. మూతపడ్డ వీడియో అంగడి వాళ్లు పారేస్తుంటే మూడు పిల్లల సినిమాల క్యాసెట్లు ఏరుకొచ్చింది. తర్వాత వాటినే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది, ఇన్నేళ్లుగా ఆ మూడే తిప్పి తిప్పి వేస్తోంది.

వింటే పాపం అనిపించాలి. నాకు అనిపించలేదు. నీ కొడుకు విషయంలో నువ్వు చేసిన తప్పుకు నా కూతుర్ని ఏడిపిస్తావా అనుకున్నాను. వెంకటమునిని అడిగి మూడు సినిమాల పేర్లూ రాసుకున్నాను.

ఇంటికొచ్చాక రూపశ్రీ ఒకటే పాట. "గాడిదపిల్ల దొరికిందా నాయనా?" ఆ సాయంత్రమే నెట్‌లో వెతికాను. నేటి పిల్లలకు చూపించాల్సిన పాత సినిమాలని ఎవరో పుణ్యాత్ముడు పెద్ద జాబితాయే పెట్టాడు. మూడూ అందులోనే ఉన్నాయి. నేనూ మంచి తండ్రినే కదా, చూపించాను. పాటలు జరిపేశాను. ఏడుపులు జరిపేశాను. సంతలో వెతుకులాటంతా ఒక్క నొక్కుతో దాటించేశాను. మిగిలింది రెట్టింపు వేగంలో పెట్టాను. అన్నం పళ్లెం ఖాళీ అయ్యేలోపే గాడిదపిల్ల దొరికేసింది.

"చూడు, దొరికింది. సరేనా?"

"ఊ," అంది రూపశ్రీ.

మర్నాడు మిగతా రెండూ అలాగే ముగించాను. వరదమ్మ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుని నవ్వుకున్నాను కూడా.

ఎనిమిదో రోజు వచ్చింది. చెయ్యి నొప్పి లేదు. రూపశ్రీ పుత్తూరు ఊసే ఎత్తలేదు. అంగట్లో పండగ బేరాలు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అన్నాను. రాజశ్రీ పోరు పడలేక చివరికి పోయేసరికి పద్దెనిమిదో రోజు. కట్టు విప్పి చూస్తే ముంజేయి ఒక పక్కకు ఉబ్బి, వంగి ఉంది.

"ఎముక మళ్లా పక్కకు పోయిండాది," అన్నాడు సుందరరాజు. "అతుక్కుంటా ఉండాది, లాగితే నొప్పి మొదటికంటే ఎక్కువ. పాప కదలకుండా ఉండాల. కదిలిందా, వంకర ఉండిపోతాది."

వరదమ్మ టీవీ పెట్టింది.

"సూసేసినా," అంది రూపశ్రీ.

రెండోది పెట్టింది. "అదీ సూసేసినా." మూడోదీ అంతే.

వరదమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేనా?"

"నేనే. అయితే?"

"ఆ బిడ్డకుండే మందు అదొకటే. పారబోస్తివి కదప్పా."

ఫోన్ తీశాను. రూపశ్రీ దాన్ని ఎడమచేత్తో నెట్టేసింది. సుందరరాజు చెయ్యి ముట్టుకుంటే చాలు, కాళ్లు కొట్టుకుంటూ ఏడుస్తోంది. ఇట్లయితే నా వల్ల కాదని ఆయన రెండుసార్లు వదిలేశాడు. రాజశ్రీ గోడకు తిరిగి నిలబడింది. నా బిడ్డ చెయ్యి ఇక ఇంతేనా అనుకున్నాను.

"పాపా, గమ్మునుండు. ఆ కత నువ్వు నాకు సెప్పు," అంది వరదమ్మ. "నేను ఆ సినిమా సూడనే లేదు."

"అబద్దం."

"నిజ్జం. టీవీ నా వీపెనక కదా ఉండేది. నేను మీ మొకాలే సూస్తా ఉంటా. సంతలో తప్పిపోయినాక ఏమైంది?"

రూపశ్రీ ఎక్కిళ్ల మధ్య చెప్పసాగింది. "కుండల బండి కింద ఉండింది... ఆ పిల్ల సూడలా... ఆపైన దొరికింది."

"ఎట్ల దొరికింది? యాడ?"

"తెలీదు. నాయన జరిపేసినాడు."

"అయ్యో, ఎందుకు జరిపేసినాడు?"

రూపశ్రీ ఎక్కిళ్లు ఆగాయి. ఆ సంగతి దానికి అప్పుడే తట్టినట్టుంది. తల తిప్పి నా వైపు చూసింది.

"ఎందుకు జరిపేసినావు నాయనా?"

కోపంగా, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఊపిరి బిగబట్టి నా జవాబు కోసం ఎదురు చూసింది. ఏం చెప్పను? ఆ ముసలామె మీద కసితో అని చెప్పనా? సుందరరాజు అప్పుడే లాగాడు. ఎముక చోటికి వచ్చిన లొటుక్కుమన్న చప్పుడు నాకు వినపడింది. రూపశ్రీ నిలువునా వణికింది, కళ్లలోంచి నీళ్లు జారాయి. అయినా చేతి వైపు చూడలేదు, నన్నే చూస్తూ ఉంది.