నేను కనిపెట్టిన గొర్ల దొంగతనాలు

కొత్త రాష్ట్రం వచ్చిన ఆ రోజుల్లో మా అచ్చంపేట వైపు ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా రెండే ప్రశ్నలు వినబడేవి: వాన ఎప్పుడు పడుతుంది, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది. రెండింటికీ జవాబు కోసం అందరూ ఆకాశం వైపే చూసేవాళ్లు. నాకు అప్పటికే ముప్పై దాటింది. ఎస్సై కావాలన్న కోరిక ఇరవయ్యో ఏట పుట్టి, నాతో పాటే పెరిగి, నాకన్నా ముందే ముసలిదైపోయింది. పరుగు పరీక్షలో నా వేగం ఎంతటిదంటే, ఒకసారి నా వెనక బయలుదేరినవాడు పరుగు ముగించి, ఉద్యోగం తెచ్చుకొని, పెళ్లి చేసుకొని, పిల్లను చంకనేసుకొని వచ్చి గీత దగ్గర నాకు నీళ్లసీసా అందించాడు. (పిల్ల సంగతి కాస్త కలిపి చెప్పానేమో గాని, నీళ్లసీసా మాత్రం నిజం.) పోలీసుల దారి మూసుకుపోతేనేం, దొంగల వైపు నుంచి వెళ్దామని, ఆ ముదురు వయసులో యూనివర్సిటీకి పోయి క్రిమినాలజీ ఎం.ఏ.లో చేరాను.

ఆ పేరు మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. మా అమ్మ దాన్ని 'దొంగల సదువు' అని తేల్చేసింది. బోరింగు దగ్గర ఎవరో "మీవోడు గంత పెద్ద బడిల ఏం సదువుతుండు వదినా?" అని అడిగితే, అమ్మ బిందె చంకకెత్తుకొని గర్వంగా "దొంగల సదువే!" అన్నదట. "గదానికి పట్నం దాక పోవుడెందుకు? గది ఊకెనే అస్తది గద!" అని జవాబు వచ్చిందట. అమ్మ వారం రోజులు ఆ బోరింగు నీళ్లు ముట్టలేదు.

మాకు పాఠం చెప్పే పెద్ద సారును మేం 'సాక్ష్యం సార్' అనేవాళ్లం. ఏం చెప్పినా ఆయన కళ్లద్దాల మీంచి చూసి "సాక్ష్యం?" అనేవారు. జ్వరమొచ్చి సెలవు అడిగితే కూడా అదే మాట. నేను ఆయన చెయ్యి తీసుకొని నా నుదుటి మీద పెట్టుకున్నాను. ఆ సారు ఎంతో ఇష్టంగా చెప్పే పాఠం ఒకటుండేది: జరిగే నేరాల్లో పోలీసులకు తెలిసేవి కొన్నే, జనం భయానికో సిగ్గుకో కడుపులో దాచుకునేవే ఎక్కువ, గడప గడపకూ పోయి మెల్లగా అడిగితే అవన్నీ బయటికొస్తాయని. ఆ మాట నా బుర్రలో నాటుకుంది. మొదటేడు పాసై రెండో ఏట చివరి పరిశోధన రాయాల్సి వచ్చినప్పుడు, మా ఊరిలో దాగిన నేరాలన్నీ నేను వెలికి తీస్తానని సారుకు మాటిచ్చాను. నల్లమల అంచున తొంభై గడపల ఊరు మాది. తాళం కప్ప అనేది సర్పంచ్ ఇంటికి ఒక్కటే ఉండేది, దాని చెవి కూడా గుమ్మానికే వేలాడేది. అలాంటి ఊరిని ఎంచుకున్నానంటే నా తెలివి మీకు అర్థమయ్యే ఉంటుంది.

ప్రశ్నల కాగితం నేనే తయారు చేశాను. గత ఏడాదిలో మీ ఇంట్లో ఏదైనా దొంగతనం జరిగిందా, ఏం పోయింది, ఎవరికైనా చెప్పారా, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు. ఇక్కడితో ఆపి ఉంటే నా జీవితం సాఫీగా ఉండేది. సారు మెచ్చుకోవాలని చివర సొంతంగా ఇంకో ప్రశ్న తగిలించాను: 'పోయినదానికి బదులుగా మీకు ఏ సాయం అందితే బాగుంటుంది?'

మొదటి పది ఇళ్లలో ఒక్క దొంగతనమూ దొరకలేదు. సొంత ఊరి నిజాయితీ మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు. పదకొండో ఇల్లు బీడీల కాకది. వరసకు నాకు చిన్నాయిన, నోట్లోంచి బీడీ తీసేది అన్నం తినడానికే. కాగితం లాక్కొని చివరి ప్రశ్న మీద వేలు పెట్టి, "గీ సాయం ఎవరిస్తరు బిడ్డా?" అన్నాడు.

"ఇచ్చుడు నాకెరుకలేదు కాకా. నేను రాసుకొనిపోయి పై సారుకు ఇస్త."

"పోయింది గొర్రైతే?"

"గొర్రె అనే రాస్త."

కాక బీడీ ఆర్పేశాడు. చెప్పాను కదా, అన్నం వేళ తప్ప ఆ పని చేయడు. "అయితే రాయి. నాయి ఆరు పోయినయి."

ఇక్కడ చదువరులకు ఒక సంగతి చెప్పాలి. అది సర్కారు గొర్లు పంచుతున్న కాలం. మా ఊరికి ఒక గట్టి నమ్మకం ఉండేది. కాగితం, పెన్ను పట్టుకొని గడప ముందు నిలబడ్డవాడు ఊరికే రాడు. ఇంటింటికీ తిరిగి రాసుకున్న ప్రతిసారీ వెనక ఏదో ఒకటి వచ్చింది, రేషన్ కార్డో పింఛనో. రాయించుకోకుండా చుట్టాలింటికి పోయినవాడికే ఏమీ రాలేదు, వాడు ఇప్పటికీ భార్య చేత తిట్లు తింటున్నాడు. కాబట్టి మధ్యాహ్నానికల్లా ఊరంతా దొంగలు పడ్డారు. మొదటి పది ఇళ్లవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "పొద్దుగాల యాదికి రాలే, మాయి ఎనిమిది పోయినయి" అని దిద్దించుకున్నారు. జన్మలో గొర్రె తాడు పట్టనివాడు పన్నెండు పోయాయన్నాడు. ఒకాయన చాలా మర్యాదగా, "సారూ, పోబోయేటియి గూడ రాసుకుంటరా?" అని అడిగాడు. అలిసిపోయి ఇల్లు చేరితే అమ్మ అన్నం పెట్టి, విసనకర్రతో విసురుతూ, మెల్లగా "మనయి నాలుగు రాయి కొడుకా" అన్నది.

"మనకు గొర్లెక్కడియే అమ్మా?"

"లెవ్వు గదా! గందుకేరా పోయినయంటున్న."

కూడి చూస్తే రెండు వందల పద్నాలుగు వచ్చాయి. ఊళ్లో మేస్తున్న గొర్ల కన్నా పోయిన గొర్లే ఎక్కువ. కోళ్ల అవ్వ ఒక్కతే, ఊరి చివర గుడిసెలో కోళ్లు పెంచుకునే ముసలమ్మ, "నా పుంజు పోయింది, రాస్కో బిడ్డా" అన్నది. నేను గొర్ల హడావుడిలో ఉండి, "కోడి చిన్నది అవ్వా, నేరం కిందికి రాదు" అని ముందుకు నడిచాను. యూనివర్సిటీకి పోయి లెక్క చూపిస్తే సారు కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకొని, "సాక్ష్యం?" అన్నారు. మండలాఫీసులో ముద్ర వేయించుకు రమ్మన్నారు. వేయించాను. అక్కడి పెద్దాఫీసరు ప్రతి పేజీ చదివి, నాకు చాయ్ తెప్పించి, "మంచి పని చేసినవ్ తమ్మీ" అని భుజం తట్టాడు. బస్సులో సీటు లేకపోయినా నేను గాల్లో తేలుతూనే ఊరు చేరాను.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట, కావలి తాత మా ఇంటికొచ్చాడు. మా ఊరికి ముప్పై ఏళ్లుగా ఆయనే కావలికారు. చాటింపు వేయడం, చెరువు తూము చూసుకోవడం, కొత్తవాడు ఊళ్లో అడుగుపెడితే ఆరా తీయడం అన్నీ ఆయన పనే. అలాంటివాళ్లందరినీ పర్మినెంటు చేస్తారని అప్పుడు ఒకటే మాట. తాత తలకు ఉతికిన రుమాలు చుట్టుకున్నాడు. చేతిలో ఒక కాగితం, ఇంకో చేతిలో చక్కెర పొట్లం.

"సదువు బిడ్డా. మండలంకెల్లి అచ్చింది. పర్మినెంటు కాయితమే కావచ్చు. ముందుగాల నోరు తీపి చేసుకో."

చక్కెర నోట్లో వేసుకొని చదవడం మొదలుపెట్టాను. 'మీ కావలిలో ఉన్న గ్రామంలో ఒక్క సంవత్సరంలో రెండు వందల పద్నాలుగు గొర్లు దొంగల పాలైనా మీరు ఒక్కటి కూడా తెలియజేయలేదు. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వాలి. అంతవరకు పర్మినెంటు జాబితా నుంచి మీ పేరు ఆపడమైనది.' కాగితం మడిచాను.

"ఆపినవేంది? ఇంక సదువు."

"అయిపోయింది తాతా." ఆ లెక్క ఎవరు రాశారో కూడా చెప్పక తప్పలేదు.

తాత తిడతాడనుకున్నాను. తిట్టలేదు, రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "రెండు వందల పద్నాలుగు గొర్లు నా కండ్ల ముంగటికెల్లి పోయినయా? గన్ని పోతే దుమ్మన్న లేవాలె గదరా!" అన్నాడు. ఆ రుమాలు మడతపెడుతూ, "చిరుతపులి లేగదూడను ఎత్కపోతే, అడుగులు చూసి ఎటు పోయిందో చెప్పినోన్ని. గీ ముసల్తనంల నన్ను గుడ్డోన్ని చేసి రాస్తివి" అన్నాడు.

ఆ సాయంత్రమే మళ్లీ కాగితాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను, చెప్పినవి వెనక్కి తీసుకొమ్మని బతిమిలాడుతూ. "ఓహో! మా గొర్లు కొట్టేసి మీ చుట్టాల పేర్లు ఎక్కిస్తవా?" అన్నారు. రెండోసారి కూడా వచ్చానంటే పథకం ఖాయమైందని నమ్మకం కుదిరి, బీడీల కాక ఆరును తొమ్మిది చేయించాలని చూశాడు. లెక్క తగ్గించబోతే పెరిగింది. ఇక నాకు తెలిసిన క్రిమినాలజీ అయిపోయిందని తాత ముందు చేతులెత్తేశాను. తాత నవ్వి, "నీది అయిపాయె గద, ఇగ నాది చూడు" అని డప్పు అందుకున్నాడు.

"ఇనుండ్రి ఇనుండ్రి! గొర్లు పోయినోళ్లందరు ఐతారం పొద్దుగాల మల్లన్న గుడికాడికి రావాలె! బండారి ముట్టి, ఎన్ని పోయినయో చెప్పాలె! అబద్ధమైతే ఇంటికి రాబోయే గొర్లు గూడ దక్కొద్దని ఒట్టు పెట్టాలె! ఎరుకలేదు అనకుండ్రి!"

బండారి అంటే మల్లన్న పసుపు. మా వైపు కోర్టులో అబద్ధం ఆడినవాళ్లు ఉన్నారు గాని, బండారి ముట్టి ఆడినవాళ్లు లేరు. ఆదివారం గుడి ముందు ఊరంతా చేరింది. పళ్లెంలో బండారి, పక్కన కర్ర పట్టుకొని తాత, ఎదురుగా కాగితాలతో నేను. బీడీల కాకనే ముందు పిలిచారు. చెయ్యి పళ్లెం దాకా వచ్చి ఆగింది.

"ఆరు గాదనుకుంట తాతా."

"మరెన్ని?"

"నాలుగు."

"జర మంచిగ యాదికి తెచ్చుకో."

"రెండు... కాదు కాదు, ఒకటి. గది గూడ ఎవరు ఎత్కపోలే. బాయిల పడ్డది."

"ఎప్పుడు?"

"మా నాయిన కాలంల."

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత గొర్లు గుంపులు గుంపులుగా తిరిగొచ్చాయి. పన్నెండు పోయినవాడు తాను చెప్పింది కలలో సంగతి అన్నాడు. పోబోయేవి రాయించినాయన, ఇంకా పోలేదు కదా అని తప్పించుకున్నాడు. మా అమ్మ "నాకు మోకాళ్లు నొస్తయి, గుడి మెట్లెక్క" అని వెనుదిరిగింది. (ఆ గుడికి మెట్లే లేవు.) గంటలో రెండు వందల పద్నాలుగు కొట్టేసి సున్న వేశాను. తాత ముఖంలో వెలుగు వచ్చింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ కోళ్ల అవ్వ ముందుకొచ్చింది. ఎవరూ పిలవకుండానే పళ్లెంలో అరచెయ్యి ముంచి నుదుటికి రాసుకుంది. "నా ఎర్ర పుంజు పోయింది. గీ మల్లన్న మీద ఒట్టు. గీ పోరడు రాసుకోలే, మీరన్న ఇనుండ్రి."

తాత గొంతు సవరించుకొని, "గా దొంగ నాకెరుకే అవ్వా" అన్నాడు. అని, నా వైపు చూశాడు.

"ఏంది తాతా, నన్ను చూస్తవ్?"

"మొదటేడు పాసైనవని దోస్తులకు దావత్ చేస్తివి గదా. మీ పెరట్ల ఎర్ర ఈకలు నేనే ఏరి కుప్పల పడేసిన."

నిజం చెబుతున్నాను, పుంజును తెచ్చింది దోస్తులు. ఎక్కడిదని నేను అడగలేదు, అడిగే తీరిక కూడా లేదు, పెద్ద ముక్క చల్లారిపోతోంది. దొంగసొమ్ము అని తెలిసి తిన్నవాడూ, తెలుసుకోకుండా కళ్లు మూసుకొని తిన్నవాడూ ఎవరికి ఎంత నేరమో నేను పరీక్షలో నాలుగు పేజీలు రాసి వచ్చాను. ఆ నాలుగు పేజీల్లో ఒక్క ముక్క కూడా ఆ పూట నోటికి రాలేదు.

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే తాతా?"

"సదువుకునే పోరడు, దొంగ అని పేరు పడొద్దని నేను నీ కోడిని దాచిన. నువ్వేమో నా మీద రెండు వందల గొర్లను తోలినవ్."

ఊరు మళ్లీ నవ్వింది. నేనూ నవ్వబోయాను గాని కళ్లు మండాయి. బండారి ఘాటు అని చెప్పుకున్నాను.

జవాబు నా చేతే రాయించాడు తాత. 'ఈ ఏడాది గ్రామంలో గొర్లు పోలేదు. ఎర్ర పుంజు ఒకటి పోయినది. దొంగ దొరికినాడు. సొత్తు దొరకలేదు, తినబడినది. బదులు పుంజు ఇప్పించడమైనది.' అది పట్టుకొని నేనే మండలానికి పోయాను. ఆఫీసరు చదివి, "దొంగ ఎవరు?" అన్నాడు. "నేనే సార్" అన్నాను. ఈసారి చాయ్ తెప్పించలేదు గాని, తాత పేరు మళ్లీ జాబితాలో ఎక్కించి సంతకం చేసేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నా పరిశోధన పేరు మారింది: జనం జరగని నేరాలను ఎందుకు చెబుతారు. పాసయ్యాను. ఎన్ని మార్కులతో అని అడగకండి.

ఎస్సైని కాలేదు. ఇప్పుడు నల్గొండలో ఒక కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. చాలా ఏళ్లు నేను ఊరికి పోయినప్పుడల్లా అవ్వ దూరం నుంచే చూసి, "దొంగల సారు అచ్చిండు!" అని అరిచి కోళ్లన్నిటినీ గంప కింద కమ్మేది. ఊరంతా నవ్వేది. నాకు కోపం వచ్చినట్టు నటించేవాణ్ణి.

మొన్న పోయినప్పుడు అవ్వకు చూపు ఆనడం లేదు. ఇస్త్రీ చొక్కా, బూట్లు చూసి కాబోలు, లేచి నిలబడి, "ఎవరు సారూ? పుంజు కావాల్నా?" అన్నది. కోళ్లు నా కాళ్ల చుట్టూ బెదురు లేకుండా గింజలు ఏరుకుంటున్నాయి. ఇంత మర్యాదస్థుణ్ణి ఎప్పుడయ్యానో నాకే తెలియలేదు. మనసొప్పక దగ్గరికి పోయి, "అవ్వా, నేను. ఎర్ర పుంజు దొంగను" అన్నాను. అవ్వ ఒక్క క్షణం తల పక్కకు వంచి విన్నది. బోసినోటితో నవ్వి, నేల తడుముకుంటూ గంప కోసం వెతకడం మొదలుపెట్టింది. గంప నా వెనకాలే ఉంది. నేనే అందించాను.